ముసుగు దొర కోసం ప్రార్థన

ముసుగు దొర ఎవరన్నదాని మీద నేనూ మా తమ్ముడూ ఏడాదికి పైగా పోట్లాడుకున్నాం. సూళ్లూరుపేట నుంచి నెల్లూరు పోయే మెమూ రైల్లో, ఆస్పత్రిలో డయాలసిస్ మిషను పక్కన, మళ్ళీ తిరుగు బండిలో. దొర నిజం మనిషి కాదు. తమ్ముడి ఫోన్లో వారానికొక భాగం చొప్పున వచ్చే పెద్ద కథలో ప్రతినాయకుడు. సముద్రం ఒడ్డున ఒక కోట, దాన్ని ఏలే రాజవంశం, మంత్రాలు తెలిసిన మునులు, మనుషుల్లా మాట్లాడే కొంగలు, వీటన్నిటినీ నాశనం చెయ్యడానికి ఉత్తరం నుంచి సైన్యంతో దిగివస్తున్న ఒకడు. వాడి ముఖం మీద ఎప్పుడూ ఇనుప ముసుగు. ఆ ముసుగు వెనక ఎవరున్నారో కథ చివర్లో గాని తెలియదు.

అది చదివే కథ కాదు, వినే కథ. ఒకాయన గొంతు మార్చి మార్చి చెబుతుంటాడు. వినేవాళ్ళకు ఫోన్లోనే ఒక గుంపు ఉంది. దొర ఎవరై ఉంటాడో ఊహించి వందలమంది అందులో రాస్తుంటారు. ఆ ఊహలను వాళ్ళు థియరీలంటారు. కథానాయకుడే ముసలివాడై, కాలంలో వెనక్కి నడిచొచ్చి దొర అయ్యాడని ఒకడు రోజూ రాసేవాడు. మా తమ్ముడు వాడితో రోజూ తగువు పడేవాడు. తమ్ముడి థియరీలకు ఆ గుంపులో మంచి గిరాకీ.

నేను మా సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు బైబిలు వాక్యం నేర్పే మనిషిని. ఆ మందిరం చాపల మీదే పాకాను, అక్కడే చదవడం నేర్చుకున్నాను. మంత్రగాళ్ళ కథలు విశ్వాసి చెవిన పడాల్సినవి కావని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. అయినా ఆ కథ విన్నానంటే దానికి కారణం సూది.

డయాలసిస్ కోసం తమ్ముడి ముంజేతికి ఆపరేషను చేశారు. అక్కడ నరం తాడులా లేచి ఉండేది. దానిలోకి రెండు లావు సూదులు గుచ్చుతారు, ఒకదాన్నుంచి రక్తం మిషనులోకి పోతుంది, రెండో దాన్నుంచి శుభ్రమై ఒంట్లోకి వస్తుంది. వాడు చిన్నప్పటినుంచీ సూదిని చూడలేడు. మొదట్లో నా చెయ్యి పట్టుకొని కళ్ళు మూసుకునేవాడు. నేను ప్రార్థన మొదలుపెడితే, "పైకి చెయ్యబాకక్కా, అందరూ చూస్తుండారు," అనేవాడు. ఒకరోజు ఇయర్‌ఫోను వైరు ఒక కొస నా చెవిలో పెట్టాడు.

"ఇది విను. విని నాతో వాదం పెట్టుకో. నువ్వు వాదం పెట్టుకుంటే నాకు సూది తెలీదు."

"దేని మీదరా వాదం?"

"ఈ దొర ఎవుడో చెప్పు."

"నాకేం తెలుసు. ఇప్పుడే గదా చెవిలో పెట్టినావు."

"వాక్యంలో ఒక ముక్క దొరికితే పూటంతా చెప్తావే. దీంట్లో చెప్పలేవా?"

నేను విసుగ్గా, "ఎవుడో ఇల్లిడిచిపోయినోడు అయ్యుంటాడు," అన్నాను. "అదెట్టా చెప్తావు?" అని వాడు కళ్ళు తెరిచి నా మీదికి లేచాడు. నర్సు రెండు సూదులూ దించేసి ప్లాస్టరు అంటించేసింది. వాడు గమనించలేదు. ఆ రోజునుంచి అదే మా పద్ధతి అయింది.

వారానికి మూడు రోజులు నేనే వాడితో నెల్లూరు పోయేదాన్ని. నా భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు, పగలు నా చేతిలోనే ఉండేది. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, బజారు వీధిలో ఒక చిన్న గదిలో జాకెట్లు కుడుతుంది. ఆమె మిషను ఆగితే ఇల్లు ఆగుతుంది.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు ప్రతి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే రొట్టె విరిచి పంచుకునే ఆరాధన. తప్పిపోయిన వాళ్ళను పెద్దలు బల్ల నుంచి ఆపుతారు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే తిరిగి చేర్చుకుంటారు. ఆపినన్నాళ్ళు ఆ మనిషి కూడికకు రావచ్చు, వెనక కూర్చోవచ్చు. కాని వాళ్ళ పేరు ఎవరూ సంఘ ప్రార్థనలో ఎత్తరు. వాళ్ళ కోసం ఎవరింట్లో వాళ్ళు ప్రార్థించుకోవాలి. ఇది కక్షతో చేసేది కాదు. తనకు ఏది లేకుండా పోయిందో తెలిస్తే మనిషి తిరిగొస్తాడని మా పెద్దల తలంపు. అట్లా కన్నీళ్ళతో తిరిగొచ్చిన వాళ్ళను నేను చూశాను.

తమ్ముణ్ణి ఆపింది పెళ్ళప్పుడు. మరదలు హిందువుల ఇంటి పిల్ల. వాడు వాళ్ళ గుడిలో తాళి కట్టాడు. సంఘం ముందు నిలబడి ఒప్పుకోమంటే నిలబడనన్నాడు. ఆ తర్వాత మందిరం వైపు రావడమే మానేశాడు. అప్పటినుంచి మా కూడికల్లో వాడి పేరు వినపడలేదు. కిడ్నీ మార్చడానికి ఒళ్ళు తట్టుకోదని డాక్టర్లు చెప్పేశాక నాకు ఒకటే కోరిక మిగిలింది. వాడు పోయేలోగా ఒక్క ఆదివారం బల్ల దగ్గర కూర్చోవాలి. వాడి పేరు సంఘం నోట రావాలి.

ఆ సంగతి నేరుగా ఎత్తితే వాడు కిటికీలోంచి బయటికి చూసేవాడు. దొర సంగతి ఎత్తితే మాత్రం నా వైపు తిరిగేవాడు. అందుకని దొర గురించే మాట్లాడాను.

లేఖనాన్ని లేఖనంతోనే అర్థం చేసుకోవాలని మాకు నేర్పారు. ఒకచోట మరుగుగా ఉన్న మాటకు ఇంకొకచోట వెలుగు ఉంటుంది, ఊరికే పడ్డ మాట ఒక్కటీ ఉండదు. నాకు వేరే రకంగా వినడం చేతకాదు. ఆ కథనూ అట్లాగే విన్నాను. పాత భాగాలు మళ్ళీ పెట్టించుకున్నాను. అప్పుడు ఒక సంగతి దొరికింది. దొర ఏ ఊరిని గెలిచినా లోపలికి తనంతట తాను అడుగు పెట్టడు. తలుపులు విరగ్గొట్టే సైన్యం ఉండి కూడా, లోపలివాళ్ళెవరైనా వచ్చి తెరిచేదాకా గుర్రం మీద బయటే నిలబడతాడు. అంత పెద్ద గుంపులో దీన్ని ఎవరూ పట్టుకోలేదు. తమ్ముడు దాన్ని 'మా అక్క థియరీ' అని గుంపులో పెట్టాడు. చాలామంది చప్పట్ల బొమ్మలు పంపారట. నాకు గర్వం వచ్చిన మాట నిజం.

"వాడు పెద్ద యువరాజు," అన్నాను నేను. కథ మొదట్లోనే ఆ యువరాజు నిండు సభలో తండ్రి ముందు తల వంచనంటాడు. కోట ఉత్తరపు తలుపులోంచి వాణ్ణి బయటికి పంపేస్తారు. పడవవాడు ఏరు దాటించాడని, అవతల ఎటో పోయి చచ్చిపోయి ఉంటాడని అందరూ అనుకుంటారు. "వాడు చావలేదు. పిలవందే రానని పంతం పట్టినాడు. చివర్లో తండ్రే వచ్చి తలుపు తీస్తాడు. వీడు ముసుగు తీసి మోకాళ్ళ మీద పడతాడు. కావాలంటే చూడు."

"ఎవురో ఒకరు మోకాళ్ళ మీద పడందే నీకు కథ అయిపోదా అక్కా?"

"పడితే ఏం పోయింది?"

"నీకేం పోతాది. మోకాళ్ళు నీవి కావు గదా."

పక్క మంచం మీద గూడూరు నిమ్మకాయల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ముస్లిం పెద్దాయన, అందరూ భాయ్ అనేవాళ్ళు. మా వాదం వినలేక చివరికి ఆయన కూడా కొడుకు చేత ఆ కథ ఫోన్లో పెట్టించుకున్నాడు.

"మీరిద్దరూ తప్పే," అన్నాడొకరోజు. "ఆ దొర మొగోడు కాదమ్మా. పెద్దరాణి."

"రాణి కోటలోనే ఉండాది గదా భాయ్," అన్నాడు తమ్ముడు.

"ఉండాదని ఎవురు చూసినారు? పరదా వెనకనుంచి మాట్లాడతాది. దాసీని ఆడ కూర్చోబెట్టి ఈమె గుర్రమెక్కి పోతే నీకెట్ట తెలస్తది?"

"సొంత ఇంటి మీదికే దండెత్తుతాదా?"

"మా ఇంట్లో రోజూ జరిగేది అదే గదయ్యా."

సూదులు తీస్తున్న నర్సు కూడా నవ్వింది. ఆ తర్వాత కొన్ని వారాలకే భాయ్ రావడం ఆగిపోయింది. ఎందుకని మేం అడగలేదు. అక్కడ ఎవరూ అడగరు. పెద్దరాణి థియరీని మాత్రం తమ్ముడు ఆయన తరఫున గుంపులో పెట్టాడు.

తమ్ముడు తన థియరీ ఏమిటో చాలాకాలం నాకు చెప్పలేదు. ఒకరోజు తిరుగు బండిలో నాయుడుపేట దాటాక చెప్పాడు. డయాలసిస్ అయిన సాయంత్రాలు వాడికి మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఆ రోజు ఎందుకో తేరుకొని ఉన్నాడు.

"తలుపు కాపలావాడక్కా."

"ఏ కాపలావాడు?"

"యువరాజుని బయటికి తోసి తలుపేసినాడే, వాడు. ఎవురు లోపలుండాల, ఎవురు బయటుండాల, బతుకంతా అదే చూసినాడు. అందుకే ఊరు గెలిచినా తలుపు దగ్గరే ఆగిపోతాడు. లోపలికి పోవడం వాడికి అలవాటు లేదు."

నేను పట్టుకున్న సంగతినే వాడు ఇంకో వైపు తిప్పాడు. అర్థం కుదిరింది కూడా. నాకు కోపం వచ్చింది.

"మరి యువరాజు ఏమైనట్టు?"

"యాడో ఉంటాడు. ఏటికవతల. ఎవురో ఒకామెని చేసుకోని, వలలు అల్లుకుంటా. అన్నం తింటా, నవ్వుకుంటా."

"అంతేనా?"

"అంతే. బయటికి పోయినోళ్ళంతా దొరలైపోరక్కా."

కోపంగా అనలేదు. చేతి మీద ప్లాస్టరు కొస ఊడిపోతుంటే వేలితో అణుచుకుంటూ అన్నాడు. నేను ఇన్నాళ్ళూ ఎవరికి ఆ ముసుగు తొడుగుతూ వచ్చానో వాడికి మొదటినుంచీ తెలుసు.  కాని నా మాట నేను వెనక్కి తీసుకోలేదు. బయట ఉన్నవాడు లోపలికి రావాలి. అది నేను నమ్మింది. కథ కోసం నమ్మింది కాదు.

ఆ తర్వాతి వారం పొద్దున బండిలో మళ్ళీ వాదం మొదలైంది. ఈసారి నేనే గట్టిగా మాట్లాడాను. తండ్రి బయటికి పంపిన బిడ్డ వాడు, ఆ కోపంతోనే ఊళ్ళు తగలబెడుతున్నాడు, ముఖం చూపించుకోలేక ముసుగు వేసుకున్నాడు, అయినా వాడికి క్షమాపణ ఉంది, తప్పకుండా మారతాడు, అని చెప్పుకుపోయాను. మా వెనక సీటులో ఎండుచేపల గంపతో ఒక ముసలామె కూర్చొని ఉన్న సంగతి నాయుడుపేటలో ఆమె దిగేటప్పుడు చూశాను. మా సంఘానికి కొత్తగా వచ్చిన మనిషి. పులికాట్ సరస్సు పక్క పల్లెనుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోంది. అందరం పెద్దమ్మా అంటాం. "వందనాలమ్మా," అని నాకు చెప్పి దిగిపోయింది.

శుక్రవారం ఉపవాస కూడికలో ఎవరి మనవులు వాళ్ళు లేచి చెబుతారు. ఒకరికి జ్వరం, ఒకరికి కోర్టు పని, ఒకరి కొడుక్కి ఉద్యోగం. పెద్దమ్మ కొంగు తలమీద కప్పుకొని లేచింది.

"ఒక దొర ఉండాడంటమ్మా. పెద్దింటి బిడ్డంట. తండ్రి ఇంట్లోనుంచి పంపేసినాడంట. ఆ కోపం మీద ఊళ్ళు తగలబెడతా పోతుండాడంట. మొకం చూపించుకోలేక ముసుగేసుకోని తిరగతాడంట. మన ఈ అక్కకి తెలిసినోడే. ఆ బిడ్డ మారాలని అందరూ ప్రార్థన చెయ్యండి."

నేను నోరు తెరిచేలోగా ఆమె మోకరించేసింది. ఆమె వెనకే అందరూ మోకరించారు. ప్రార్థనలో ఉన్నవాళ్ళను ఆపడం మా దగ్గర లేదు. పెద్దమ్మ కన్నకొడుకు కోసం ఏడ్చినట్టు ఏడ్చింది. తగలబడిన ఊళ్ళవాళ్ళకు మళ్ళీ ఇళ్ళు కట్టించమని ఒక సహోదరి అడిగింది. ఆ తండ్రి మనసు మెత్తబరచమని ఇంకొకామె అడిగింది. అందరికన్నా ముందు వరసలో కూర్చునే మా సంఘ పెద్దాయన, "ఆమేన్," అన్నాడు. కూడిక అయ్యాక పెద్దమ్మకు చెప్పేద్దామని బయట ఆగాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకొని, "వాణ్ణి ఇడిచిపెట్టబాకమ్మా," అంది. చెప్పలేకపోయాను.

మర్నాడు ఆస్పత్రిలో తమ్ముడికి చెప్పాను. వాడు నవ్విన నవ్వుకు చెయ్యి కదిలి మిషను కూత పెట్టింది. నర్సు వచ్చి కోప్పడింది. కళ్ళనీళ్ళు తుడుచుకొని మళ్ళీ నవ్వాడు.

"ఇళ్ళు కూడా కట్టించమన్నారా?"

"అన్నారు."

"గుంపులో పెడితే నమ్మరక్కా. ఎంతసేపు చేసినారు?"

"చానాసేపు."

"అందరూనా?"

"అందరూ."

నవ్వు మెల్లగా తగ్గింది. 

"నా పేరు ఎత్తినారా?"

నేను మిషను మీద తిరుగుతున్న చక్రం వైపు చూశాను. వాడి రక్తం ఎర్రటి సన్నగొట్టంలో వచ్చి పోతోంది.

"సరేలే," అన్నాడు. "దొర అదృష్టవంతుడు."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. సాయంత్రం ఊరు చేరగానే పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా చిన్నప్పుడు ఆదివారాలు బండెక్కి వచ్చి బడి పిల్లలకు పాటలు నేర్పేవాడు. రైల్వే క్వార్టర్సు వదిలి మా ఊరికి వచ్చినప్పటినుంచి సంఘం బరువు మోస్తున్నాడు. వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాడు. నేను వచ్చిన పని చెప్పాను.

"వాడికి మొదటి పాట నేర్పింది నేనేనమ్మా," అన్నాడు. "నా నోటితో వాడి పేరు ఎత్తకుండా ఉండటం నాకు సుళువనుకుంటుండావా?"

"అయితే ఎత్తండి."

"వాడు అడగాల గదా. ఒకడికి సడలిస్తే, ఆపినోళ్ళందరి అమ్మానాయనలూ రేపు నన్ను అడగరా? వాడి జబ్బు చూసి చెప్తుండా. వచ్చి నిలబడాల్సిన పని కూడా లేదు. తప్పయిందని ఒక్క మాట కబురు పంపమను. నేనే వాడింటికి పోయి చేతులేసి ప్రార్థన చేస్తా, రొట్టె తీసుకుపోతా."

అది ఆయన చేయగలిగినదానికి మించిన మాట. సంతోషంగా తమ్ముడి ఇంటికి మోసుకుపోయాను. మరదలు ఇంకా కుట్టుగదినుంచి రాలేదు. పొద్దున ఆమె వండిపెట్టిపోయిన అన్నంలోకి ఉప్పులేని పప్పు వేసుకొని వాడు తింటున్నాడు. అంతా విన్నాడు.

"ఏమని పంపాల కబురు?"

"ఒక్క మాటేరా."

"ఆ ఒక్క మాట ఏందో చెప్పు. దాన్ని చేసుకోవడం తప్పయిందనా? అది నాకోసం కాళ్ళు వాచేదాకా మిషను తొక్కతుండాది. దాని చేతి కూడు తింటా, ఆ మాట చెప్పమంటావా?"

నాకు వాక్యాలు చాలా కంఠస్థం. వాడి కంచంలో ఇంకొంచెం పప్పు వేశాను. "తిను, చల్లారిపోతాది," అన్నాను.

తర్వాతి శుక్రవారం మనవులు చెప్పే సమయంలో పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఆ దొర ఎట్టుండాడమ్మా?" అని అడిగింది. నేను లేచాను. అబద్ధం చెప్పకూడదని ముందే అనుకున్నాను, చెప్పలేదు.

"ఆయనకి ఒంట్లో బాగలేదు," అన్నాను. "రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదు. వారానికి మూడు రోజులు నెల్లూరులో మిషను మీద పెడతుండారు. సూదంటే భయం. ఇంకెన్నాళ్ళుంటాడో తెలీదు. ఆయన కోసం ప్రార్థన చెయ్యమని అడగతుండా."

 పెద్దమ్మకు తప్ప అక్కడ అందరికీ అర్థమైంది. మా ఊళ్ళో వారానికి మూడు రోజులు నెల్లూరు బండి ఎవరు ఎక్కుతారో అందరికీ తెలుసు. నేను పెద్దాయన వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు. ఆయన కూర్చోమంటాడనుకున్నాను. ఆయన మోకరించిన చప్పుడు వినపడింది. ఎప్పుడూ చివర్లో ఆమేన్ మాత్రమే చెప్పే మనిషి, ఆ రోజు తానే మొదలుపెట్టాడు.

"ప్రభువా, ముసుగు వెనక ఉన్న ఆ బిడ్డ ఎవరో మేము చెప్పడం లేదు. నీకు తెలుసు. సూది గుచ్చేటప్పుడు వాడి చెయ్యి నువ్వు పట్టుకో," అన్నాడు.  మిగతాది ఆడవాళ్ళు చేశారు.

తమ్ముడికి మర్నాడు బండిలో చెప్పాను. వాడు ఈసారి నవ్వలేదు.

"చివరికి నన్నే దొరని చేసినావు. నీ థియరీ గెలిపించుకున్నావు."

"తప్పయితే తిట్టు."

"పెద్దాయన ఏమన్నాడో మళ్ళీ చెప్పు."

చెప్పాను.  గూడూరులో బండి ఆగినప్పుడు, "ఇంకొకసారి చెప్పక్కా," అన్నాడు. మళ్ళీ చెప్పాను. కబురు మాత్రం పంపలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. శుక్రవారాలు మాత్రం దొర కోసం ప్రార్థన నడుస్తూనే ఉంది. దొరకు ఆకలి పుట్టడం లేదని, దొర కాళ్ళకు నీరు చేరిందని నేను చెప్పేదాన్ని. వాళ్ళు మోకరించేవాళ్ళు.

వానలు మొదలయ్యాక వాడికి జ్వరం పట్టుకుంది. సూది గుచ్చేచోటునుంచే విషం ఒంట్లోకి పాకిందన్నారు. నెల్లూరులోనే చేర్చాం. మరదలు కుట్టుగది మూసేసి వచ్చింది. ఆమె పక్కన ఉంటే వాడు నిమ్మళంగా ఉండేవాడు, అది నేను చూశాను. కథ చివరి భాగం దగ్గరపడుతోందని గుంపులో ఒకటే సందడి. నేను చదివి వినిపించబోతే వాడు చెయ్యి అడ్డంగా ఊపాడు.

"దొర ఎవుడో తేలితే నాకు చెప్పబాకక్కా. నాది నిజమైతే నువ్వు ఏడస్తావు."

"నాది నిజమైతే?"

"నీది నిజమైతే చెప్పు," అన్నాడు.

చెప్పే అవసరం రాలేదు. చివరి భాగం రాకముందే, ఒక మధ్యాహ్నం, మరదలు చెంచాతో నీళ్ళు తాగిస్తుండగా పోయాడు. ఎట్లా చెయ్యాలని నేను అడిగితే, "మీవాళ్ళు ఎట్టా పెడతారో అట్టానే పెట్టండి వదినా," అంది. కాళంగి ఏటి ఒడ్డున ఊరందరి శ్మశానంలో పూడ్చాం. పెద్దాయన వచ్చాడు. మోకాలి నొప్పితోనే పాడె మోశాడు, మట్టి వేశాడు. భార్యను, అక్కను ఆదరించమని ప్రార్థన చేశాడు. చనిపోయిన వాళ్ళ కోసం మేము ప్రార్థన చెయ్యం. వాళ్ళ లెక్క దేవుడి దగ్గర ముగిసిపోయిందని మా విశ్వాసం. కనక వాడి పేరు అక్కడ కూడా రాలేదు, అందులో ఆయన తప్పు లేదు.

కథ ముగిసింది. మరదలు తమ్ముడి ఫోన్లో ఒక్కతే కూర్చొని విన్నది. నా దగ్గరికి వచ్చి గడపలోనే నిలబడింది.

"దొర పడవోడంట వదినా. యువరాజుని ఏరు దాటించినానని మొదట్లో ఒకడొచ్చి చెప్తాడే, వాడు."

"యువరాజు సంగతేంది?"

"ఆయన అసలు ఏరు దాటనే లేదంట. ఆ రోజే నడిమధ్యలో మునిగిపోయినాడంట."

ఆమె లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఇంతకాలం ఎదురుచూసినవాడు మొదటి రోజునుంచీ లేడు. తమ్ముడు అనుకున్నట్టు ఎక్కడో నవ్వుతూ అన్నం తిన్నదీ లేదు. మేమిద్దరం తప్పే. లేచి ఆమెకు కాఫీ పెట్టి ఇచ్చాను.

పెద్దమ్మ ఈ కాలమంతా చెన్నైలో కూతురి పురిటికి పోయి ఉంది. తిరిగొచ్చిన మొదటి శుక్రవారం, మనవులు అడగ్గానే లేచింది.

"ఆ ముసుగు దొర మాట ఏందమ్మా? నేను ఆడ కూడా రోజూ చేస్తానే ఉండా. మారినాడా?"

ఆడవాళ్ళంతా తలలు వంచుకున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"పోయినాడు పెద్దమ్మా."

"అయ్యో తల్లీ. పోయేముందు మారినాడా?"

"నాకు తెలీదు."

"నీకు తెలీకపోతే ఇంకెవురికి తెలస్తది. ఎవురి బిడ్డమ్మా? ఆయన పేరేంది?"

 ముందు వరసలో పెద్దాయన ఒళ్ళో ఉన్న గ్రంథం మూసి, మోకాలి మీద చెయ్యి ఊని, వెనక్కి తిరిగాడు.

"ఈ అమ్మ తమ్ముడు పెద్దమ్మా," అన్నాడు. "ఈ సంఘంలో పుట్టిన బిడ్డ." తర్వాత వాడి పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, చిన్నప్పుడు ఆదివారపు బడిలో పిలిచినట్టు పూర్తిగా చెప్పాడు. వాడి పెళ్ళి తర్వాత ఆ గోడల మధ్య ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి.

పెద్దమ్మ ఆ పేరును నెమ్మదిగా తిరిగి పలికింది. సరిగ్గా పలికానా అన్నట్టు నా వైపు చూసి, ఇంకోసారి పలికింది. కొంగు సర్దుకొని మోకరించబోయింది.

"చనిపోయినోళ్ళ కోసం మనం ప్రార్థన చెయ్యం పెద్దమ్మా," అన్నాడు పెద్దాయన, మెత్తగా.

"మరి ఇప్పుడేం చెయ్యాల?"

 ఆమె గోడ పట్టుకొని తిరిగి చాప మీద కూర్చుంది. కాసేపటికి వెనకనుంచి ఒక సహోదరి లేచి, మనవరాలికి మూడురోజులుగా జ్వరం తగ్గడం లేదని చెప్పింది. ఆ పాప పేరు అడిగి, అందరం మోకరించాం.